నడిచిన బండా, నిద్రపోయిన బండా?

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే రకం బండి గురించి ఉన్నాయి. స్పోర్ట్ టూరర్లు. అంటే పరుగులో రేసు బండికి దగ్గరగా ఉండే ఇంజిను, రోజంతా కూర్చోగలిగే సీటు, గాలిని ఆపే పెద్ద ప్లాస్టిక్ తొడుగు (ఫెయిరింగ్), వెనక రెండు వైపులా సామాను పెట్టెలు. కొత్తగా ఉన్నప్పుడు ధర విని వెనక్కి తగ్గినవాళ్ళంతా పదిహేనేళ్ళు ఓపిక పట్టి ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నట్టున్నారు. నేనూ అదే బాపతు. ఇప్పటిదాకా నాలుగు కొన్నాను, ఒక్కటీ కొత్తది కాదు. వాటిలో ఒకదాన్ని కొనకుండా ఉండాల్సింది. దాని సంగతి మొదటి జవాబులోనే వస్తుంది, వద్దన్నా ఆగదు.

ప్రశ్న: అన్నా, రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి 2008 హోండా ఎస్‌టి 1300, మీటరు మీద 96 వేల కిలోమీటర్లు. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించారు. రెండోది 2009 యమహా ఎఫ్‌జెఆర్ 1300, 11 వేలే తిరిగింది. ఎప్పుడూ షెడ్డులోనే ఉందట, అద్దంలా మెరుస్తోంది. ధర ఇద్దరూ ఇంచుమించు ఒకటే చెబుతున్నారు. ఇంట్లో అందరూ యమహానే కొనమంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ ఇంట్లో గొడవ పెట్టాలని కాదు తమ్ముడూ, నేనైతే ముందు హోండా దగ్గరికే వెళ్తాను.

నా కథ విను. చాలా ఏళ్ళ కిందట ఎనిమిదేళ్ళ వయసున్న బండి ఒకటి చూశాను. మీటరు మీద 9 వేలు. టైర్ల మీద కొత్త రబ్బరుకుండే సన్నని వెంట్రుకలు ఇంకా పోలేదు. అమ్మినాయన అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, నిజంగానే 9 వేలే తిరిగింది. మరి మిగతా కాలమంతా ఆ బండి ఏం చేస్తోందని నేను అడగలేదు. అది ఆరేళ్ళు గుడ్డ కప్పుకుని పడుకుంది. కొన్న వారంలోనే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో నూనె ఆపే సీళ్ళు కారడం మొదలైంది. రెండో వారానికి బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లో పిస్టన్లు పట్టేసి, బ్రేకు వదిలినా ప్యాడ్లు డిస్కును వదలలేదు. ట్యాంకు లోపలి తుప్పంతా పెట్రోలు పంపు జల్లెడలో చేరింది. మూడో నెలలో, ఊళ్ళేమీ లేని రోడ్డు మీద, రేడియేటర్ గొట్టం పగిలింది. ఆ వెంట్రుకల టైర్లు తడి మలుపులో ఒకసారి జారి, దేవుడి దయవల్ల మళ్ళీ పట్టుకున్నాయి. ఏడాది తిరిగేసరికి కొన్న ధరలో మూడో వంతు రిపేర్లకే పోయింది.

ఎందుకలా జరుగుతుందంటే, ఇంజిను ఇనుము వాడితే అరుగుతుంది గానీ, బండిలో మిగతా సగం రబ్బరు, ద్రవాలు. అవి వాడకపోయినా వయసైపోతాయి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, అందుకే తిరిగినా తిరక్కపోయినా రెండేళ్ళకోసారి మార్చమంటారు. మార్చకపోతే ఆ తేమే పిస్టన్లను తుప్పు పట్టిస్తుంది. నిలవ ఉన్న పెట్రోలు జిగురవుతుంది. నెలల తరబడి కదలని ఫోర్కులో సీలు ఎండిపోయి, మళ్ళీ కదిలించగానే చిరుగుతుంది. షెడ్డులో ఉన్న బండికి ఎండా వానా తగలవు, నిజమే. కాలం మాత్రం తగులుతుంది.

ఇప్పుడు హోండా. దాని వి4 ఇంజినుకు, అంటే నాలుగు సిలిండర్లు V ఆకారంలో ఉన్నదానికి, 96 వేలు పెద్ద లెక్క కాదు, రెండు లక్షలు దాటి ఇంకా తిరుగుతున్నవి ఉన్నాయి. ఫైలు తెరిచి, ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సన్నని సందు, ఎన్నిసార్లు చూశారో వెతుకు. సుమారు 25 వేలకోసారి చూడాలి కాబట్టి కనీసం మూడు బిల్లులు కనిపించాలి. కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీలు చూడు. వెనక షాక్ అబ్జార్బర్ నీరసపడి ఉంటుంది, దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకో.

ఆ బండికి ఒక పరీక్ష తప్పకుండా చెయ్యాలి, అమ్మేవాళ్ళలో చాలామందికి అది తెలియదు కూడా. ఎస్‌టి 1300లో ముందు, వెనక బ్రేకులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ముందు చక్రం ఎడమ కాలిపర్ కొద్దిగా కదిలేలా బిగించారు. బ్రేకు వేసినప్పుడు అది కదిలి, పక్కనే ఉండి బ్రేక్ ఆయిల్‌ను తోసే చిన్న మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. అది వెనక బ్రేకును పని చేయిస్తుంది. పాత బ్రేక్ ఆయిల్ మడ్డితో ఆ చిన్న సిలిండర్ మూసుకుపోతే, బ్రేకు వదిలినా వెనక చక్రం వదలదు. ప్యాడ్లు రాపిడికి కాలిపోతాయి. కాబట్టి బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, ఒకరిని వెనక చక్రం చేత్తో తిప్పమను. నువ్వు ముందుకెళ్ళి ఎడమ కాలిపర్‌ను పైకి, ముందుకి గట్టిగా నెట్టు. వెనక చక్రం ఆగాలి. వదిలిన వెంటనే మళ్ళీ హాయిగా తిరగాలి. ఆగకపోయినా, ఆగి వదలకపోయినా ఆ సిలిండర్ పని చూసుకోవాల్సిందే. దానికో నిమిషం పడుతుంది, అంతే.

ఇంతా చెప్పాక కూడా మనసు యమహా మీదే ఉంటే తప్పేం లేదు. ఎఫ్‌జెఆర్ గొప్ప బండి. దాని ట్యాపెట్ల తనిఖీ 42 వేల దగ్గర గానీ రాదు. 2006 నుంచి 2009 దాకా వచ్చినవాటిలో గ్రౌండ్ వైర్లన్నీ వచ్చి కలిసే కనెక్టర్ వేడెక్కి కరిగే జబ్బు ఉండేది. అది సరిచేయించారా లేదా అని ఫ్రేమ్ నంబరు చెప్పి కంపెనీ సర్వీసులో అడుగు. తర్వాత రెండు టైర్లు, ఫోర్కు సీళ్ళు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ, ద్రవాలన్నీ మార్చడానికి ఎంతవుతుందో ఒక మెకానిక్ చేత కాగితం మీద రాయించి, ఆ కాగితం అమ్మేవాడి ముందు పెట్టు. ధర తగ్గిస్తే అప్పుడు రెండు బండ్లూ సమానం. 'ఏమీ మార్చక్కర్లేదు, కొత్తదే కదా' అంటే ఇంటికొచ్చెయ్.

ప్రశ్న: నమస్కారమండీ. నేను 160 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాను. పన్నెండేళ్ళుగా చిన్న బండ్లు నడుపుతున్నాను. పెద్ద బండి తీసుకుందామంటే, 300 కిలోలు నీ వల్ల కాదంటున్నారు మావారు. హోండా విఎఫ్ఆర్ 800 నాకు సరిపోతుందా? దాని కరెంటు వ్యవస్థ మంచిది కాదని విన్నాను, భయంగా ఉంది.

జవాబు: మీవారి మాట సగం నిజమమ్మా. ఎస్‌టి 1300 పెట్రోలుతో సహా 320 కిలోలు దాటుతుంది, ఎఫ్‌జెఆర్ 290 దగ్గర. కదిలాక ఆ బరువు ఎవరికీ తెలియదు. తెలిసేది పార్కింగులో, వాలుగా ఉన్నచోట వెనక్కి నెట్టేటప్పుడు. నేను ఆరడుగులవాణ్ణి, నాది రెండుసార్లు అలా నిలబడ్డచోటే పక్కకు వాలి పడింది. విఎఫ్ఆర్ 800 సుమారు 240 కిలోలు. ఆ తేడా మీకు మొదటి రోజే తెలుస్తుంది. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీకు రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. సీటు స్పంజి కాస్త చెక్కిస్తే సరిపోతుంది. కొనేముందు ఇంజిను ఆపి, బండి మీద కూర్చుని, పాదాలతో నెట్టుకుంటూ పది అడుగులు వెనక్కి పోయి చూడండి. అది చేయగలిగితే మీవారికి జవాబు దొరికినట్టే.

కరెంటు విషయంలో మీరు విన్నది నిజం. విఎఫ్ఆర్‌లలో బ్యాటరీకి చేరే కరెంటును అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫైయర్ కాలిపోవడం పాత జబ్బు. భయపడాల్సిన పని లేదు, ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. ఇంజిను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులకు తగ్గకూడదు. స్టార్ట్ చేసి, పెద్ద లైటు వేసి, 5 వేల ఆర్‌పిఎం దగ్గర పట్టి ఉంచితే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13 దాటకపోతే చార్జింగ్ లేనట్టు, 15 దాటితే రెగ్యులేటర్ చచ్చినట్టు. అసలు కిటుకు ఏమిటంటే, ఇదే పరీక్ష అరగంట నడిపి వచ్చాక మళ్ళీ చేయాలి. ఈ జబ్బు చల్లగా ఉన్నప్పుడు దాక్కుని, వేడెక్కాక బయటపడుతుంది. ఇంజినులో కరెంటు పుట్టించే స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కనెక్టర్ కూడా విప్పి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే అక్కడ మంట మొదలైందని అర్థం.

ఇంకో మాట. 1998 నుంచి 2001 దాకా వచ్చిన విఎఫ్ఆర్ 800లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టులను గేర్లు తిప్పుతాయి. అందుకని ఇంజిను సన్నగా ఈల వేస్తున్నట్టు ఉంటుంది. అది జబ్బు కాదు, ఆ బండి గొంతే అంత. నాకైతే ఆ శబ్దం కోసమే ఒకటి కొనాలనిపిస్తుంది. 2002 నుంచి గేర్ల బదులు చైను, దాంతోపాటు వీటెక్ వచ్చాయి. ఆ వీటెక్ వల్ల దాదాపు 7 వేల ఆర్‌పిఎం దగ్గర అన్ని వాల్వులూ పనిలోకి దిగి బండి స్వరం మారుతుంది. వీటెక్ బండికి ట్యాపెట్లు చూడటం ఎక్కువ పని, ఆ పనికి బిల్లు ఉందో లేదో అడగండి. ఈ బండ్లలోనూ బ్రేకులు ముడిపడే ఉంటాయి. పై జవాబులోని కాలిపర్ పరీక్ష దీనికీ చేయించండి.

ప్రశ్న: చైన్ ఉన్న బండి మంచిదా, షాఫ్ట్ ఉన్నదా?

జవాబు: దూరం ఎక్కువ పోయేవాడివైతే షాఫ్ట్, అంటే చైను బదులు ఇనుప కడ్డీ వెనక చక్రాన్ని తిప్పేది. వారానికోసారి చైనుకు నూనె పెట్టే ఓపిక ఉంటే చైన్, బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. కొనేటప్పుడు చైన్ బండే సులువు. వెనక స్ప్రాకెట్ మీద చైనును వేళ్ళతో వెనక్కి లాగితే పళ్ళ మధ్య వెలుగు కనిపిస్తోందంటే ఆయుష్షు తీరింది, అంతే. స్ప్రాకెట్ పళ్ళు ఒక పక్కకు వంగి కొక్కేల్లా ఉన్నా అంతే.

షాఫ్ట్ లోపల ఏముందో బయటికి కనపడదు. బీఎండబ్ల్యూ ఆర్ 1200 ఆర్‌టి లాంటివి చూస్తుంటే వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపు. కొంచెం ఆట ఉన్నా, షాఫ్ట్ వచ్చి చక్రానికి కలిసే ఫైనల్ డ్రైవ్‌లో బేరింగును అనుమానించాల్సిందే. 2005 తర్వాతి ఆ బండ్లకు అది పేరుమోసిన బాధ. డ్రైవ్ చుట్టూ నూనె తడి ఉందా, నూనె మార్చినప్పుడు ఇనుప రజను వచ్చిందా అని కూడా అడుగు. 2000ల మొదట్లో వచ్చిన బీఎండబ్ల్యూలలో బ్రేకు పట్టుకోగానే పంపు గుర్రుమంటుంది, అవి సర్వో బ్రేకులు. గుర్రుమనడం మామూలే. డ్యాష్ మీద బ్రేకు హెచ్చరిక లైటు ఆరకపోవడం మాత్రం మామూలు కాదు, ఆ మాడ్యూల్ పోతే దాని ఖర్చు చూసి కళ్ళు తిరుగుతాయి.

ప్రశ్న: 'ఎప్పుడూ యాక్సిడెంట్ కాలేదు, ఒకసారి స్టాండు మీద నుంచి పడింది, అంతే' అంటున్నాడు అమ్మేవాడు. నమ్మొచ్చా? ఫెయిరింగ్ కొత్తగా ఉంది.

జవాబు: పదిహేనేళ్ళ బండికి ఫెయిరింగ్ కొత్తగా ఉండటమే నాకు నచ్చలేదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత స్పోర్ట్ టూరర్లను చూసే పుట్టించారేమో అనిపిస్తుంది. ఒంటి నిండా ప్లాస్టిక్, దాని వెనక ఏమైనా దాచొచ్చు.

స్టాండు మీద నుంచి పడ్డ బండికి దెబ్బలు ఒక వరుసలో ఉంటాయి. హ్యాండిల్ చివర, లీవరు కొస, ఫుట్‌రెస్టు కొస, పెట్టె మూల. గీతలు పొట్టిగా, ఒకే చోట ఉంటాయి. రోడ్డు మీద జారిన బండికి గీతలు పొడుగ్గా, ముందు నుంచి వెనక్కి సాగి ఉంటాయి. ఇంజిను పక్క మూతలు కూడా గీసుకుపోతాయి. వాటిని చూశాక హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పి, కింద స్టీరింగ్ ఆగే చోట ఫ్రేమ్ మీద ఉండే చిన్న దిమ్మె చూడు. అది నలిగినా, పెయింట్ పగిలినా ముందు భాగం గట్టిగా గుద్దుకుందని అర్థం. ఆ దిమ్మెకు రంగు వేయాలని చాలామందికి తోచదు.

తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పు. సరిగ్గా మధ్యలో టక్కున పట్టి వదిలినట్టు ఉంటే స్టీరింగ్ బేరింగు గాడి పడింది. అది యాక్సిడెంటు వల్ల కాకపోవచ్చు, వయసు వల్ల కూడా వస్తుంది. ఖర్చు మాత్రం ఖర్చే. ఫెయిరింగ్ బోల్టుల తలలు చూడు, పదే పదే విప్పిన గుర్తులు కనిపిస్తాయి. లోపలి వైపు ప్లాస్టిక్ చెవులు విరిగితే జిగురు పెట్టి అతికిస్తారు. దంతవైద్యుడి అద్దం లాంటి చిన్న అద్దం, ఒక టార్చి తీసుకెళ్ళు. నా చొక్కా జేబులో ఆ రెండూ ఎప్పుడూ ఉంటాయి.

ఫ్రేమ్ మీద 17 అక్షరాల నంబరు ఉంటుంది. కాగితాల్లో ఉన్నదానితో ఒక్కో అక్షరం పోల్చు. కళ్ళజోడు పెట్టుకుని పోల్చు.

ప్రశ్న: కవాసాకి జిటిఆర్ 1400 చూశాను. అంతా బాగుంది. తాళం ఒక్కటే ఉందంటున్నాడు. అదేమంత పెద్ద విషయమా?

జవాబు: మామూలు బండికైతే కాదు. ఈ బండికి పెద్ద విషయమే. దానిలో కిపాస్ అనే పద్ధతి ఉంటుంది. జేబులో ఉన్న రిమోట్‌ను బండి గుర్తుపడితేనే స్టార్టవుతుంది. ఉన్న ఒక్కటీ పోగొట్టుకున్నావంటే బండి అక్కడే నిలబడిపోతుంది, కంప్యూటరుతో సహా మార్చాల్సిన పరిస్థితి రావచ్చు. రెండోది తెచ్చి బండికి జత చేయించి ఇచ్చాకే డబ్బు ఇస్తానని చెప్పు. అన్నట్టు, సామాను పెట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏ స్పోర్ట్ టూరర్ కొన్నా, రెండు పెట్టెలూ ఉన్నాయా, తాళం పడుతోందా, బండికి తగిలించి తీసి చూశావా? 'అటక మీద ఉన్నాయి, తర్వాత పంపిస్తా' అన్న పెట్టెలు ఇంతవరకూ ఎవరికీ అందినట్టు నేను వినలేదు. విడిగా కొనబోతే వాటి ధర విని గుండె జారుతుంది.

ప్రశ్న: డుకాటి ఎస్‌టి 2 తక్కువ ధరకు వస్తోంది. తీసుకోనా?

జవాబు: టైమింగ్ బెల్టులు ఎప్పుడు మార్చారో అడగండి. కిలోమీటర్లు చెబితే వినకండి, తేదీ చెప్పమనండి. ఆ రబ్బరు బెల్టులు తిరక్కపోయినా వయసు మీరిపోతాయి, తెగితే వాల్వులు పిస్టన్లకు గుద్దుకుని ఇంజిను పోతుంది. తేదీ చెప్పలేకపోతే మార్పించే ఖర్చు ధరలోంచి తీసేసి, మార్పించేదాకా నడపకండి. మిగతాదంతా ప్రేమ వ్యవహారం, అందులో నేను వేలు పెట్టను.

ప్రశ్న: బండి చూడ్డానికి వెళ్తే, నేను వెళ్ళేసరికే స్టార్ట్ చేసి ఉంచాడు. 'మీకోసమే వేడి చేసి పెట్టాను' అన్నాడు. నాకేదో తేడాగా అనిపించింది. టెస్ట్ రైడులో ఏమేం చూడాలి?

జవాబు: మీకు అనిపించింది నిజం. వేడి ఇంజిను చాలా దాస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంతసేపటికి స్టార్టవుతుంది, మొదటి నిమిషంలో టకటక మంటుందా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుందా, ఇవన్నీ వేడెక్కాక మాయమైపోతాయి. ఫోనులోనే చెప్పాలి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే మాటలు మొదలుపెట్టకముందే ఇంజిను మూత మీద చెయ్యి పెట్టాలి.

నడిపేటప్పుడు, పై గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారి రేజ్ చేయండి. ఇంజిను అరిచినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. రెండో గేరులో గట్టిగా లాగించండి, గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడితే దండం పెట్టి వచ్చేయండి, ఇంజిను విప్పితే గానీ అది బాగుకాదు. బ్రేకు పట్టినప్పుడు లీవరు వేళ్ళ కింద కొట్టుకుంటుంటే డిస్కులు వంకరపోయాయి. డిస్కు మీదే ఎంత మందానికి తగ్గకూడదో చెక్కి ఉంటుంది, చదవండి. తిరిగొచ్చాక ఇంజిను ఆపకుండా నిలబెట్టి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఆగండి. ఆ ఫ్యాను తిరగని బండిని నేనొకసారి పట్టణం మధ్యలో తోసుకుంటూ పోయాను.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరిగినా అరక్కపోయినా ఆరేళ్ళు దాటినవి ఉంటే మార్చడానికి డబ్బు లెక్కేసుకోండి.

ఇక మీ వేడి బండి మనిషి సంగతి. 'రేపు పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి' అని చెప్పి చూడండి. నేను ఒకాయనకు అలాగే చెప్పాను. మర్నాడు ఫోను చేస్తే బండి అమ్ముడైపోయిందన్నాడు. పది రోజుల తర్వాత అదే బండి, అవే ఫోటోలతో, మళ్ళీ అమ్మకానికి కనిపించింది.